మంచుకోటకు కప్పు వద్దు



మన వాడుకలో మంచు అనే మాట ఒక్కటే. తెల్లవారుజామున గడ్డి మీద నిలిచే చెమ్మా మంచే, చేల మీద కమ్మే పొగా మంచే. గిద్యోను గొఱ్ఱెబొచ్చును తడిపిన మంచు మనం ఎరిగినదే. యెషయా ప్రవక్త తెల్లదనానికి పోలికగా చెప్పిన హిమము మాత్రం మన కొల్లాపూర్ వాకిళ్ళలో పడేది కాదు. అయితే చదువుల కోసం, ఉద్యోగాల కోసం అమెరికా, కెనడా వెళ్ళిన మన బిడ్డల ఇళ్ళ ముందు అది మోకాలి లోతున పడుతుంది. పెద్ద మంచుతుఫాను వస్తే బడులకు సెలవు. మనుమలు పెరట్లో మంచుతో కోట కట్టి, ఆ ఫోటో తాతకు, నానమ్మకు ఫోనులో పంపుతారు. చూసి మురిసిపోయే మనం ఆ ఆటను గూర్చి కొంత తెలిసికొనుట మంచిది.

కోట ఎలా కడతారు?

కృష్ణ ఒడ్డున మన పిల్లలు పాదం మీద తడి ఇసుక పోసి, తట్టి, మెల్లగా కాలు తీసి పిట్టగూళ్ళు కడతారు. పొడి ఇసుకతో గూడు నిలువదు. మంచు కూడ అంతే. చలి మరీ ముదిరినప్పుడు పడే మంచు పిండి వలె రాలిపోతుంది. చలి కాస్త తగ్గినప్పుడు అందులో చెమ్మ ఉంటుంది గనుక పిడికిట పట్టితే ముద్ద అవుతుంది. దానిని బకెట్లో కుక్కి బోర్లిస్తే ఇటుక. అడుగు వరుస వెడల్పుగా పెట్టి, మన మేస్త్రీలు చేసినట్లే, కింది రెండు ఇటుకల అతుకు మీదికి పై ఇటుక వచ్చేలా పేర్చాలి. సందులలో మంచు మెత్తి, కొద్దిగా నీళ్ళు చల్లితే రాత్రికి గడ్డకట్టి గోడ బిగుస్తుంది.

ప్రమాదం ఎక్కడ?

గోడతో ఆగితే అది ఆటే. పిల్లలు అంతటితో ఆగరు. దారి శుభ్రం చేసే బండ్లు పక్కకు నెట్టిన మంచుగుట్టను తొలిచి లోపల దూరాలని చూస్తారు.

2019 జనవరి 20, ఆదివారం. షికాగో నగరం దగ్గర ఆర్లింగ్టన్ హైట్స్ అనే ఊరిలో ఒక మందిరం వెలుపల ఇద్దరు బాలికలు మంచుకోటలో ఆడుకుంటున్నారు. పెద్దలు లోపల ఆరాధనలో ఉన్నారు. మంచు కూలి ఇద్దరి మీదా పడింది. వెదకి బయటికి తీసేసరికి ఆలస్యమైంది. తొమ్మిదేండ్ల పాప బ్రదికింది. పన్నెండేండ్ల బాలిక మరణించింది. ఆ తలిదండ్రులను మనం తప్పుపట్టలేము. మన మందిరాల ఆవరణలో కూడ ఆరాధన వేళ పిల్లలు బయట ఆడుకుంటూనే ఉంటారు గదా!

దూది వలె కనబడే మంచు కుక్కుకుపోతే బహు బరువు. గట్టిపడిన గుట్టలో ఒక ఘనమీటరు మంచు మూడు నాలుగు వందల కిలోలు తూగవచ్చు. దాని కింద పడిన బిడ్డకు రొమ్ము విప్పి ఊపిరి తీసుకొనే వీలుండదు. మంచు శబ్దాన్ని మింగివేస్తుంది గనుక కేక కూడ బయటికి వినబడదు.

పెద్దలు గుర్తుంచుకొనవలసినవి

1. గోడలు చాలు, కప్పు వద్దు. గోడ పిల్లవాని నడుము ఎత్తు దాటకూడదు.
2. గుట్టలో సొరంగం తొలవనీయరాదు.
3. దారి పక్కన కట్టరాదు. మంచు నెట్టే బండి నడిపేవానికి లోపలి బిడ్డ కనబడడు.
4. ఇంటి చూరు కింద కట్టరాదు. పైనుండి మంచుగడ్డలు జారిపడతాయి.
5. ఎండ కాసి గోడ మెత్తబడితే పెద్దలే పడగొట్టాలి.
6. వేళ్ళు తిమ్మిరెక్కి పాలిపోతే వెంటనే ఇంట్లోకి తీసుకొనిరావాలి. రుద్దకుండా గోరువెచ్చని నీళ్ళలో ఉంచాలి. తిమ్మిరి పోకపోతే వైద్యుని దగ్గరకు వెళ్ళాలి.
7. అన్నిటికన్న ముఖ్యం, ఒక పెద్ద మనిషి కన్ను పిల్లల మీద ఉండాలి.

ఈ మాట మన ఊళ్ళకూ చెల్లుతుంది. వాగులో ఇసుక తీసిన గుంటల అంచులను తొలిచి గుహలు చేసే పిల్లలకు ఇదే ప్రమాదం పొంచి ఉంది.

ఈ చలికాలం మనుమరాలు మంచుకోట ఫోటో పంపితే మనసారా మెచ్చుకొనండి. పిల్లలకు అటువంటి ఆటలు కావాలి. తరువాత ఫోను కొడుకుకో కోడలికో ఇమ్మని ఒక్క ప్రశ్న అడగండి: "పిల్లల దగ్గర ఎవరున్నారు నాయనా?"