శ్రుతికి 432 తాయెత్తు

మాదాపూర్, కొండాపూర్ అపార్ట్‌మెంట్లలో వినాయక చవితి రిహార్సల్స్ మొదలైతే చాలు, పాత ఫార్వర్డ్ ఒకటి మళ్ళీ లేచి కూర్చుంటుంది. ప్రపంచ సంగీతాన్ని 440 హెర్ట్జ్‌కి మార్చింది నాజీలట. గోబెల్స్ స్వయంగా ఆదేశం ఇచ్చాడట. మన ఋషులు వాడింది 432 అట, కలియుగం 4,32,000 ఏళ్ళు కావడమే దానికి రుజువట. పగలంతా లాగ్ ఫైలు చూపిస్తే తప్ప ఎవరి మాటా నమ్మని సాఫ్ట్‌వేర్ జనం, రాత్రి దీన్ని నాలుగు గ్రూపులకు పంపి హాయిగా పడుకుంటారు.

పంపి ఊరుకున్నా బాగుండేది. తంబూరా యాప్ తెరిచి, శ్రుతి కింద సెంట్లు అని ఉండే సన్నని గీత మీద చుక్కను ఎడమకు జరిపి, మైనస్ 32 దగ్గర ఆపుతున్నారు. ఇంట్లో రోజూ దాని మీదే సాధన. తీరా రిహార్సల్‌కి వస్తే కీబోర్డు 440 మీద ఉంటుంది. వేణువైతే మరీ మొండిది. దాని రంధ్రాలు యాప్‌లో చుక్కలా జరగవు. 432, 440 రెండూ కలిసి మోగితే నాదం సెకనుకు ఎనిమిది సార్లు పెరిగి తగ్గుతూ వణుకుతుంది. శ్రుతి కలపడమంటే ఆ వణుకును చెవితో పట్టి పోగొట్టడమే. సరళీ వరుసల దశలోనే ఆ వణుకు చెవికి అలవాటైపోతే, తర్వాత వదిలించడం గురువు ప్రాణం మీదికి వస్తుంది.

ఇక గోబెల్స్ సంగతి. 440ని 1834లోనే జర్మనీలో ప్రతిపాదించినవాడు యోహాన్ షైబ్లర్ అనే పట్టు వ్యాపారి. గోబెల్స్ పుట్టింది 1897లో. 1859లో ఫ్రాన్సు 435 అని చట్టమే చేసుకుంది. 1939లో లండన్‌లో వివిధ దేశాల వాళ్ళు కూర్చుని 440 దగ్గర రాజీ పడ్డారు. బ్రిటన్‌లో అప్పటికి వాడుకలో ఉన్నది 439. అది ప్రధాన సంఖ్య కావడంతో బీబీసీ ఇంజినీర్లకు తలనొప్పి అయింది. పది లక్షల హెర్ట్జ్ స్ఫటికం నుంచి వెయ్యితో భాగించి, 11తో హెచ్చించి, 25తో భాగిస్తే 440 శుభ్రంగా వస్తుంది. 439 అలా రాదు. కుట్ర ఏదైనా ఉంటే సర్క్యూటు వేసినవాళ్ళదే. మీరైనా అదే చేసి ఉండేవారు.

432కి చుట్టరికం ఉన్నది వేదాలతో కాదు, వెర్డీతో. ఆ ఇటలీ స్వరకర్త 1884లో దాన్ని సమర్థించాడు. ఆర్కెస్ట్రాలు శ్రుతి పెంచుకుంటూ పోతుంటే పాడేవాళ్ళ గొంతులు చిరిగిపోతున్న కాలం అది. గొంతుకు తేలిక కావాలంటే శ్రుతి దించుకునే సౌకర్యం మనకు ఎప్పటినుంచో ఉంది, దానికి వెర్డీ సిఫారసు అక్కర్లేదు. ఇక కలియుగం రుజువు సంగతి. హెర్ట్జ్ అంటే సెకనుకు ఇన్ని కంపనాలని లెక్క. మన పంచాంగంలో సెకను లేదు, విఘడియ ఉంది. విఘడియకు 24 సెకన్లు. ఆ కొలతలో మీ 432 కాస్తా 10,368 అవుతుంది. దానికి ఏ యుగాన్ని వెతుకుతారు?

అసలు విషయం ఇంకా ఉంది. ఈ 432 గానీ 440 గానీ పాశ్చాత్యుల ‘ఏ’ అనే ఒక్క స్వరానికి పెట్టిన కొలత. మన షడ్జానికి స్థిరమైన చోటు లేదు, పాడేవాడి గొంతు ఎక్కడ నిలిస్తే అక్కడే స. మగవాళ్ళు ఒకటి, ఒకటిన్నర శ్రుతికి, ఆడవాళ్ళు నాలుగున్నర, ఐదు, ఐదున్నరకు పాడటం మామూలు. ఒకటిన్నర శ్రుతి పెట్టుకుంటే ‘ఏ’ వెళ్ళి శుద్ధ ధైవతం మీద పడుతుంది. మోహన రాగంలో ఉన్నది చతుశ్రుతి ధైవతం. అంటే ఆ శ్రుతిలో మోహనం పాడే మనిషికి పాట మొత్తంలో 432 తగలనే తగలదు! సైబర్ టవర్స్‌కు దగ్గర్లోనే అన్నమయ్యపురం ఉంది, అన్నమయ్య పదాలు నేర్చుకునేవాళ్ళకు అది తెలిసిన చోటే. ఆయన రాగిరేకుల మీద రాగం పేరు చెక్కి ఉంటుంది తప్ప కంపనాల లెక్క ఎక్కడా ఉండదు.

సంగీతం గురించి తిరిగే మిగతా అపోహలకు ఇంత ఓపిక లేదు. స అంటే పాశ్చాత్యుల ‘సి’ అనేవాళ్ళు పై పేరా ఇంకోసారి చదవాలి. స్వరాలు ఏడే, కానీ స్థానాలు పన్నెండు, వాటి పేర్లు పదహారు. ఆరోహణ, అవరోహణ తెలిస్తే రాగం తెలిసినట్టేనా? దర్బారు, నాయకి రాగాలు పక్కపక్కన పెట్టి విని చెప్పండి. అక్షరాలను అంకెలుగా చదివే కటపయాది లెక్కలో మాయామాళవగౌళ మొదటి రెండక్షరాలు 51, తిరగేస్తే 15, అదే దాని మేళ సంఖ్య. కోడ్ రాసేవాళ్ళకు ఇది తెగ నచ్చుతుంది. 72 మేళాలూ అప్పజెప్పినా పాట మాత్రం రాదు. అమృతవర్షిణి పాడితే వాన పడుతుందంటారు. వాన పడ్డ సాయంత్రం ఐకియా జంక్షన్‌లో ఇరుక్కున్నవాళ్ళెవరూ ఆ ప్రయోగం చేయరు.

ముప్పై దాటాక సంగీతం రాదన్న మాటలో మాత్రం కొంత నిజం ఉందని ఒప్పుకోక తప్పదు. ఏ ఆధారమూ లేకుండా స్వరం వినగానే ఇది ఫలానా అని చెప్పే శక్తి చిన్నప్పటి నుంచి నేర్చినవాళ్ళలోనే ఎక్కువ, పెద్దయ్యాక పట్టుబడటం చాలా అరుదు. కాకపోతే కర్ణాటక సంగీతానికి అది అవసరం లేదు. స నుంచి ప ఎంత దూరమో తెలిస్తే చాలు, అది సాధనతో వచ్చేదే.

కాబట్టి ఆ చుక్కను సున్నాకు తెచ్చేయండి. యాప్ చూపించిన శ్రుతి కాదు, మంద్ర పంచమం నుంచి తార గాంధారం దాకా గొంతు పిసక్కుండా అందే శ్రుతి పెట్టుకోండి. ఏది అందుతోందో గురువును ఎదురుగా కూర్చుని విని తేల్చమనండి. అరశ్రుతి తగ్గితే నామోషీ ఏమీ లేదు. తంబూరాను చిన్న స్పీకరులో, మీ గొంతు మీకు వినపడేంత నెమ్మదిగా పెట్టండి. తాళానికి మాత్రం బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు వద్దు, దెబ్బ ఆలస్యంగా వినపడుతుంది. ఆన్‌లైన్ క్లాసులో గురువుతో గొంతు కలపాలని చూడకండి. ఆవిడ పాడాక మీరు పాడండి. నెట్‌వర్క్ లేటెన్సీ గురించి మీకు నేను చెప్పాలా?