తరంగంబాడి – అక్షరాల ఊరు

తరంగంబాడి సముద్రం ఒడ్డున ఉన్న చిన్న ఊరు. తమిళనాడులో కారైకాల్ పట్టణానికి దగ్గరలో ఉంది. తరంగం అంటే అల. అలలు పాట పాడే ఊరు అని ఆ పేరుకు అర్థం చెబుతారు.

ఈ ఊరు తమిళనాడులో ఉన్నా, దీనికీ మన తెలుగుకీ సంబంధం ఉంది. అదేమిటో చూద్దాం.

400 ఏళ్ల కిందట తంజావూరును రఘునాథ నాయకుడు పాలించేవాడు. ఆయన తెలుగులో కావ్యాలు రాసిన రాజు. ఆయన కొలువులో రామభద్రాంబ, మధురవాణి అనే ఆడవాళ్లు కూడా కవిత్వం చెప్పేవారు. 1620లో డెన్మార్క్ దేశం వాళ్లు వ్యాపారం కోసం ఓడల మీద వచ్చారు. రాజు వాళ్లకు తరంగంబాడిలో చోటిచ్చాడు. వాళ్లు సముద్రం ఒడ్డున కోట కట్టుకున్నారు. ఆ కోట ఇప్పటికీ ఉంది.

1706లో డెన్మార్క్ రాజు ఇద్దరు క్రైస్తవ బోధకులను ఇక్కడికి పంపాడు. వారిలో ఒకరు సీగెన్‌బాల్గ్. ఆయనది జర్మనీ. వయసు దాదాపు 24 ఏళ్లు. మతం చెప్పడానికి వచ్చాడు. కానీ ఇక్కడి వాళ్ల భాష రాదు. మరి ఏం చేశాడు? బడిలో చిన్నపిల్లల పక్కన నేల మీద కూర్చున్నాడు. వాళ్లతోపాటు ఇసుకలో వేలితో తమిళ అక్షరాలు దిద్దాడు. పెద్దవాణ్ణి కదా, ఇప్పుడేం చదువు అనుకోలేదు. త్వరలోనే చదవడం, రాయడం వచ్చేసింది.

1707లో ఈ ఊళ్లో ఆడపిల్లలకు బడి పెట్టారు. ఆ రోజుల్లో ఆడపిల్లలకు బడి అంటే చాలా అరుదు.

1708లో మరో సంగతి జరిగింది. భర్త చనిపోయిన ఒక ఆమెకు అప్పు గొడవ వచ్చింది. సీగెన్‌బాల్గ్ ఆమె తరఫున మాట్లాడాడు. కోట అధికారికి కోపం వచ్చింది. ఆయన్ని కోటలో పెట్టి తాళం వేయించాడు. నాలుగు నెలల తర్వాత గానీ విడిచిపెట్టలేదు.

1712లో లండన్ నుంచి అచ్చు యంత్రం వచ్చింది. తర్వాత జర్మనీ నుంచి తమిళ అచ్చు అక్షరాలు వచ్చాయి. అవి మరీ పెద్దవి. కాగితం ఎక్కువ పట్టేది. అందుకని ఇక్కడే చిన్న అక్షరాలు పోతపోశారు. అంతవరకూ ఇక్కడ ఎక్కువగా తాటాకు మీద గంటంతో ఒక్కో పుస్తకం రాసుకునేవారు. అచ్చు వచ్చాక ఒకే పుస్తకం చాలామంది చేతికి అందింది.

1719లో షుల్జ్ అనే బోధకుడు తరంగంబాడి వచ్చాడు. తర్వాత మద్రాసు వెళ్లి తెలుగు నేర్చుకున్నాడు. తెలుగులో చిన్న పుస్తకాలు రాశాడు. 1746లో జర్మనీలోని హాలె పట్టణంలో వాటిని అచ్చు వేయించాడు. మొట్టమొదటి తెలుగు అచ్చు పుస్తకాలు అవే అని చెబుతారు.

1845లో డెన్మార్క్ వాళ్లు ఈ ఊరిని ఇంగ్లీషు వాళ్లకు అమ్మేశారు. వ్యాపారం వేరే రేవులకు పోయింది. ఊరు చిన్నబోయింది. కానీ పాత వీధులు, ఊరి ద్వారం, 1718 నాటి చర్చి మిగిలాయి. చూడటానికి ఎంతోమంది వస్తుంటారు.

సముద్రం మాత్రం ఊరిని కోస్తూనే ఉంది. ఒడ్డున 700 ఏళ్ల నాటి శివాలయం ఉంది. దాని ముందు భాగాన్ని అలలు తినేశాయి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. చేపలు పట్టే కుటుంబాల వాళ్లు ఎంతోమంది చనిపోయారు. మిగిలినవాళ్లు మళ్లీ ఇళ్లు కట్టుకున్నారు. మళ్లీ వలలు పట్టారు.

తరంగంబాడి కథ ఇన్నేళ్ల తర్వాత కూడా మనకు తెలిసింది. ఎందుకు? ఎవరో రాసి పెట్టారు కాబట్టి. మీ ఊరికీ ఒక కథ ఉంటుంది. చెరువు ఎవరు తవ్వించారు? గుడి ఎప్పుడు కట్టారు? ఏ తుపానుకు ఏం పోయింది? ముసలివాళ్లను అడగండి. చెప్పింది మీ చేత్తో రాసి పెట్టండి.