చొక్కా మీద పేరు

పిల్లలూ! అమెరికావారు స్వాతంత్ర్యం కోసం ఇంగ్లండుతో యుద్ధం చేసే రోజుల్లో వారికి తుపాకులతోబాటు చొక్కాలు కూడా కరువే. మంచి బట్ట అంతవరకూ ఇంగ్లండు నుంచే వచ్చేది మరి! 1777 డిసెంబరులో, వ్యాలీ ఫోర్జ్ అనే విడిదిలో 2,898 మంది సిపాయిలు జోళ్ళూ బట్టలూ లేక పనిచేయలేకున్నారని సేనాధిపతి జార్జి వాషింగ్టన్ రాశాడు. ఆ చలికాలంలోనే ఆయన భార్య మార్తా అక్కడికి వచ్చింది. మరికొందరు సేనానుల భార్యలూ వచ్చారు. సేనాధిపతి బస ఎంత ఇరుకంటే, భోజనానికి దుంగలతో వేరే గది కట్టించవలసి వచ్చింది.

మూడేళ్ళకు కూడా కరువు తీరలేదు. 1780లో ఫిలడెల్ఫియాలో ఎస్తర్ రీడ్ అనే ఆవిడ స్త్రీలను కూడగట్టి ఇంటింటా చందాలు వసూలు చేయించింది. ఈమె భర్త ఒకప్పుడు వాషింగ్టన్ దగ్గర కార్యదర్శి. సిపాయికి రెండేసి డాలర్ల నాణేలు ఇవ్వాలని ఆమె కోరిక. వాషింగ్టన్ ఒప్పుకోలేదు. నాణేలు చూస్తే తమ కాగితపు జీతం మీద సిపాయిలకు అసంతృప్తి పెరుగుతుందనీ, కొందరు తాగుడుకు తగలేస్తారనీ, చొక్కాలే కావాలనీ అన్నాడు. లోకం తెలిసినవాడు!

ఆ సెప్టెంబరులో ఎస్తర్ చనిపోయింది. పని ఆగలేదు. శారా బాచ్ అందుకున్నది. మీ సైన్సు పాఠంలో మెరుపునూ గాలిపటాన్నీ గురించి వస్తుందే, ఆ బెంజమిన్ ఫ్రాంక్లిన్ కూతురే ఈమె. కూలి ఖర్చు లేకుండా స్త్రీలే కుట్టారు. డిసెంబరుకల్లా 2,000 పైచిలుకు చొక్కాలు తయారైనాయి. ప్రతి చొక్కా మీదా దాన్ని కుట్టిన ఆవిడ పేరు ఉన్నది.