ట్రాలీ లైట్లు వెలగడం లేదా? ముందు ఎర్త్ చూడండి

సాగర్ రోడ్డు మీదుగా ఇబ్రహీంపట్నం, యాచారం వైపు నుంచి, విజయవాడ హైవే మీదుగా చౌటుప్పల్, అబ్దుల్లాపూర్‌మెట్ వైపు నుంచి పట్నం చేరే బండ్లన్నీ ఎల్బీ నగర్ దగ్గర కలుస్తాయి. కొత్తపేటలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉన్నన్నాళ్లూ దిల్‌సుఖ్‌నగర్ దాకా సరుకు బండ్ల రద్దీయే. ఆ మార్కెట్‌ను బాటసింగారానికి తరలించడం 2021లో మొదలైంది. పండ్ల బండ్లు అటు మళ్లినా సరూర్‌నగర్, వనస్థలిపురం రైతుబజార్లకు కూరగాయలు రావడం ఆగలేదు. పగటి రద్దీకి జంకి రైతులు తెల్లవారుజామునే, చీకట్లోనే బయల్దేరుతుంటారు. ట్రాలీకి వెనక లైటు లేకపోతే ప్రాణాల మీదికి వచ్చేది అప్పుడే.

లెక్క చూడండి. నిండు ట్రాలీతో ట్రాక్టరు గంటకు 25 కిలోమీటర్లు పోతుంటే, వెనక లారీ 80 కిలోమీటర్ల వేగంతో వస్తోందనుకుందాం. లైటు లేని ట్రాలీ 30 మీటర్ల దూరంలో కంటబడిందంటే లారీ డ్రైవరుకు మిగిలేది రెండు సెకన్లు. అంతలో బ్రేకు పడదు. పొద్దుగూకిన అరగంట నుంచి పొద్దుపొడిచే అరగంట ముందు వరకు లైట్లు వేసుకునే నడపాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు చెబుతున్నాయి. జరిమానా సంగతి అలా ఉంచినా, ఇంటికి క్షేమంగా చేరడానికైనా వెనక ఎర్ర లైటు వెలగాలి.

చాలాసార్లు మరమ్మతుకు పెద్ద ఖర్చేమీ ఉండదు. 12 వోల్టుల బల్బుకు రెండు వైర్లు అతికించుకుంటే అదే టెస్ట్ ల్యాంపు. దానికి తోడు పానా, ఉప్పు కాగితం, ఇన్సులేషన్ టేపు ఉంటే సగం తప్పులు మీరే పట్టుకోవచ్చు.

లైటు వెలగకపోతే

ముందు బల్బు తీసి చూడండి. వెనక లైటులో సాధారణంగా రెండు తీగల బల్బు ఉంటుంది. 5 వాట్ల తీగ ఎర్ర లైటుకు, 21 వాట్ల తీగ బ్రేకు లైటుకు. ఒకటి మాడినా రెండోది వెలుగుతుంది కాబట్టి, బ్రేకు లైటు వస్తోందని బల్బు బాగుందనుకోకూడదు. తీగ తెగినా, గాజు నల్లబడినా మార్చేయాలి. బల్బు బాగుంటే హోల్డరు చూడాలి. వాన నీరు, బురద చేరి తుప్పు పడుతుంది. ఉప్పు కాగితంతో మెరిసేదాకా రుద్దండి.

తర్వాత ట్రాక్టరు వెనక సాకెట్టు. ట్రాలీ విప్పి పొలం పని చేసేటప్పుడు మూత లేక దుమ్ము చేరుతుంది. టెస్ట్ ల్యాంపు ఒక వైరు ట్రాక్టరు ఇనుముకు ఆనించి, రెండో వైరు సాకెట్టులోని పిన్నులకు ఒక్కొక్కటిగా తాకించండి. లైట్ల స్విచ్చి వేసినప్పుడు వెలిగితే కరెంటు సాకెట్టు దాకా వస్తున్నట్టే, లోపం ట్రాలీ వైపు ఉంది. ఏ పిన్నూ వెలగకపోతే ట్రాక్టరు వైపు ఫ్యూజు, స్విచ్చి చూడాలి.

అసలు దొంగ ఎర్త్

కుడివైపు ఇండికేటరు వేస్తే ఎర్ర లైటు కూడా మినుకుమినుకుమంటోందా? బ్రేకు తొక్కితే ఉన్న వెలుగు తగ్గుతోందా? అయితే బల్బుల జోలికి పోకండి, అది ఎర్త్ సరిగా లేని లక్షణం. బల్బులోకి పోయిన కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారి దొరక్క, పక్క బల్బు గుండా మళ్లుతుంది.

చాలా ట్రాలీలకు విడిగా ఎర్త్ వైరు వేయరు. కొక్కెం పిన్ను ఇనుమే కదా, అదే చాలనుకుంటారు. ఆ పిన్నుకు గ్రీజు, తుప్పు, మట్టి పట్టి ఉంటాయి. గతుకుల్లో కదులుతుంటుంది. అందుకని బండి కదిలినప్పుడు ఒకసారి వెలిగి, ఒకసారి ఆరుతుంది. ఏడు పిన్నుల సాకెట్టులో 3వ నంబరు పిన్ను ఎర్త్‌కే ఉంటుంది. స్థానికంగా ఎలా కలిపారో ఒకసారి సరిచూసుకుని, దాని నుంచి ట్రాలీ చాసిస్‌కు లావు వైరు ఒకటి వేయించండి. వైరు బిగించే చోట రంగు గీకి, ఇనుము కనిపించాక బోల్టు వేయాలి. రంగు మీద బిగిస్తే కరెంటు పోదు.

ఫ్యూజు పదేపదే పోతుంటే

ఫ్యూజు పోయిందని సిగరెట్ పెట్టెలోని వెండి కాగితమో, రాగి తీగో చుట్టడం కొందరికి అలవాటు. అప్పుడు ఫ్యూజుకు బదులు వైరింగు కాలుతుంది. డీజిల్ పైపు పక్కనే ఉంటే నిప్పంటుకోవచ్చు. అదే ఆంపియర్ల ఫ్యూజు వేసి, ట్రాలీ ప్లగ్గు పీకేసి లైట్లు వేయండి. ఫ్యూజు నిలిస్తే ట్రాలీ వైరు ఎక్కడో ఒరుసుకుపోయి ఇనుముకు తగులుతున్నట్టు. టైరు దగ్గర, ఇనుప అంచు మీదుగా వైరు పోయే చోట, జాకీ దగ్గర వెతకండి.

పొద్దున స్టార్టు కాకపోతే

సరుకు అమ్ముడుపోయేదాకా బండి నిలిపి, హెడ్‌లైట్లు ఆర్పడం మరిచి నిద్రపోతే ఏమవుతుంది? రెండు లైట్లు కలిపి 90 వాట్లయితే గంటకు ఏడున్నర ఆంపియర్లు లాగుతాయి. ఎనిమిది గంటలకు 60. మీ బ్యాటరీ 75 ఆంపియర్ అవర్‌ది అయితే మిగిలిన దానితో స్టార్టరు తిరగదు.

ఇంజను ఆపి కొన్ని గంటలయ్యాక మీటరు పెడితే 12.6 వోల్టులు చూపాలి. 12.2 అంటే సగమే ఉంది. 12 లోపు అంటే చార్జింగు పెట్టించాల్సిందే. మూతలు విప్పే బ్యాటరీ అయితే హైడ్రోమీటరు ఇంకా నమ్మకం. 1.260 దాటితే నిండుగా ఉన్నట్టు, 1.200 దగ్గరైతే సగం. అన్ని గదులూ బాగుండి ఒక్క గది మాత్రమే బాగా తక్కువ చూపితే ఆ బ్యాటరీకి చార్జింగు దండగ.

బ్యాటరీ బాగున్నా పొద్దున దిగిపోతుంటే డైనమో మీద అనుమానపడాలి. ఇంజను వేగంగా తిరుగుతున్నప్పుడు బ్యాటరీ కొసల మీద 13.8 నుంచి 14.4 వోల్టులు రావాలి. 13 కూడా దాటకపోతే చార్జింగు లేదు, బెల్టు వదులయిందేమో ముందు చూడండి. 15 దాటితే రెగ్యులేటరు చెడినట్టు, బ్యాటరీ నీళ్లు ఊరికే ఆవిరవుతాయి.

పోసేది డిస్టిల్డ్ వాటరే కావాలి. బోరు నీళ్లు, కుళాయి నీళ్లు పోస్తే అందులోని లవణాలు ప్లేట్లను తినేస్తాయి. ఆసిడ్ అసలే పోయకండి, ఆవిరయ్యేది నీరే. కొసల మీద తెల్లటి, పచ్చటి బూజు ఉంటే వేడినీళ్లలో తినే సోడా కలిపి కడిగి, ఆరాక బిగించి, పైన వాజెలిన్ రాయండి. ఆ నీళ్లు గదుల్లోకి పోకుండా మూతలు బిగించే ఉంచాలి. విప్పేటప్పుడు ముందు మైనస్ వైరు, బిగించేటప్పుడు చివరగా మైనస్ వైరు. చార్జింగు సమయంలో మండే వాయువు వస్తుంది కాబట్టి దగ్గర బీడీ ముట్టించవద్దు.

బయల్దేరే ముందు

ఒకరు సీట్లో కూర్చుని లైట్లు, బ్రేకు, రెండు ఇండికేటర్లు వరుసగా వేయాలి. ఇంకొకరు వెనక నిలబడి చూడాలి. రెండు నిమిషాల పని. ట్రాలీ వెనక తలుపుకు ఎర్ర రిఫ్లెక్టర్లు, మెరిసే టేపు అంటించుకోండి. బల్బు దారిలో మాడిపోయినా వెనక బండి లైటు పడగానే అవి మెరుస్తాయి. గడ్డి, గోనెలు వేలాడి వాటిని కప్పేయకుండా చూసుకోవాలి. దారిలో బండి ఆగిపోతే వెనక దూరంగా హెచ్చరిక గుర్తు పెట్టండి. టైర్ల కింద రాళ్లు పెడితే, కదిలేటప్పుడు వాటిని రోడ్డు మీద వదిలేయకుండా పక్కకు తీసేయండి. వెనక వచ్చేది మోటారు సైకిల్ మీద ఇంకో రైతే కావచ్చు.