అవమానం మనసులో తిరుగుతూనే ఉంటే ఏం చేయాలి?

మామిడి సీజనులో నూజివీడు చుట్టుపక్కల తోటల్లో తెల్లవారగానే కోత మొదలవుతుంది. చిక్కంతో కాయ దించేవాళ్లలో, గంపలు మోసేవాళ్లలో, రాత్రుళ్లు తోటకు కాపలా ఉండేవాళ్లలో మన పేటల వాళ్లు చాలామంది. ఆ ఇళ్ల పిల్లలు ఇవాళ కాలేజీల్లో ఉన్నారు. 2008లో నూజివీడులో ట్రిపుల్ ఐటీ మొదలయ్యాక, పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల కోర్సులో చేరే దారి పల్లె పిల్లలకు దొరికింది.

ఏ కాలేజీకి వెళ్లినా కొన్ని మాటలు మనకు ఎదురవుతాయి. హాస్టల్ గదిలో ఎవరో నవ్వుతూ "నీకేంట్రా, రిజర్వేషన్ ఉందిగా" అంటారు. అనడానికి రెండు సెకన్లు పట్టే ఆ మాట మన బుర్రలో నెలల తరబడి తిరుగుతుంది. నేనెందుకు ఊరుకున్నాను? నాలోనే ఏదైనా లోపముందా? పుస్తకం తెరిచినా అదే, పడుకున్నా అదే.

దీన్ని మనస్తత్వ శాస్త్రంలో 'రూమినేషన్' అంటారు, అంటే నెమరువేయడం. మనం తీపి జ్ఞాపకాలను నెమరువేసుకుంటాం అంటాం. ఇక్కడ నెమరుకొచ్చేది చేదు.

ఎందుకు ఆగదు?

తేలని విషయాన్ని మనసు వదిలిపెట్టదు. అన్యాయం జరిగింది, జవాబు రాలేదు, కాబట్టి మళ్లీ మళ్లీ అక్కడికే వెళ్తుంది. ఇంకాస్త ఆలోచిస్తే ఏదో తేలుతుందని మనకూ అనిపిస్తుంది. తేలకపోగా నిద్ర పోతుంది, దిగులు పెరుగుతుంది.

అమెరికా పరిశోధకురాలు సుసాన్ నోలెన్-హోక్సెమా దీనిపై ఏళ్ల తరబడి పనిచేశారు. 1989లో కాలిఫోర్నియాలో భూకంపం వచ్చింది. దానికి రెండు వారాల ముందే ఆమె బృందం విద్యార్థుల ఆలోచనా తీరును ప్రశ్నావళితో నమోదు చేసి ఉంది. బాధనే తిరగేసే అలవాటు ముందునుంచీ ఉన్నవాళ్లలో భూకంపం తర్వాత దిగులు ఎక్కువగా కనిపించింది.

మన విషయంలో ఒక తేడా ఉంది. భూకంపం ఒకసారి వచ్చి పోతుంది, కులం రోజూ ఎదురవుతుంది. అందుకే "ఎక్కువ ఆలోచించకు" అనే సలహా మనకు సరిపోదు. గాయం నిజం. మార్చుకోవాల్సింది ఆలోచించే తీరు.

అంబేడ్కర్ చేసిన పని

బాబాసాహెబ్ 1917లో విదేశీ చదువు తర్వాత బరోడా కొలువుకు వచ్చారు. కులం కారణంగా ఉండటానికి చోటు దొరక్క ఒక పార్శీ సత్రంలో దిగారు. విషయం తెలిసి కొందరు కర్రలు పట్టుకుని వచ్చి ఖాళీ చేయించారు. పద్దెనిమిదేళ్ల తర్వాత కూడా ఆ దృశ్యం కళ్లముందే ఉందని, తలుచుకుంటే కన్నీళ్లు ఆగవని ఆయనే 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసుకున్నారు. అంతటి మనిషికే మరపు రాలేదంటే, మరచిపోలేకపోవడం మన బలహీనత ఎలా అవుతుంది? అయితే ఆయన ఏ చోట, ఎవరు, ఏమన్నారు, తర్వాత ఏం జరిగింది అని వరసగా రాసిపెట్టారు. సొంత బాధ అందరికీ పనికొచ్చే సాక్ష్యమైంది.

మనం చేయగలిగినవి

మొదట ఒక పరీక్ష. అరగంటగా ఆలోచిస్తున్నాం, చేయాల్సిన పని ఒక్కటైనా తేలిందా? తేలకపోతే అది నెమరే. అక్కడ ఆపి లేవాలి, నడవాలి, చేతికి పని పెట్టాలి.

రెండోది, ప్రశ్న మార్చడం. "నాకే ఎందుకిలా" అన్న ప్రశ్నకు అంతు ఉండదు. "ఏం జరిగింది, ఇప్పుడు ఏం చేయాలి" అన్నదానికి జవాబు ఉంటుంది. తేదీ, చోటు, అన్న మాటలు, విన్నవాళ్ల పేర్లు కాగితం మీద పెట్టండి. మనసు కాస్త తేలికవుతుంది. కాలేజీ ఎస్సీ, ఎస్టీ సెల్‌కు ఫిర్యాదు చేయాలన్నా, 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టాలన్నా ఆ కాగితమే ఆధారం.

మూడోది, వేళ పెట్టడం. సాయంత్రం ఒక పావుగంట దీనికే కేటాయించండి. మిగతా వేళల్లో ఆలోచన వస్తే "సాయంత్రం చూద్దాం" అని వాయిదా వేయండి. మొదట్లో కుదరదు, అభ్యాసంతో కుదురుతుంది.

నాలుగోది, చెప్పుకోవడం. ఇక్కడ కార్యకర్తలమైన మనకూ ఒక జాగ్రత్త అవసరం. ఇద్దరు కూర్చుని అదే గాయాన్ని రోజూ తవ్వుకుంటే ఇద్దరి నెమరూ పెరుగుతుంది. పూర్తిగా వినాలి, నమ్మాలి. ఆ తర్వాత "రేపు మనం ఏం చేద్దాం" అని అడగాలి. తోడు వెళ్లాలి.

సాయం అడగడం హక్కు

రెండు వారాలు దాటినా నిద్ర, తిండి, చదువు కుదుటపడకపోతే డాక్టరును కలవాలి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు. ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416. ఉచితం, 24 గంటలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 18వ సెక్షన్ కుల వివక్ష లేని వైద్యాన్ని హక్కుగా ఇచ్చింది.

కౌన్సెలింగ్ న్యాయానికి బదులు కాదు. అవమానించినవాళ్లను వదిలేసి, అవమానపడ్డవాళ్లను మాత్రమే సర్దుకోమనడం సరికాదు. 2016 జనవరి 17న రోహిత్ వేములను పోగొట్టుకున్నాం. పోరాటం చాలాకాలం సాగాల్సింది. దానికి మన పిల్లలు బతికి ఉండాలి, రాత్రి నిద్రపోవాలి, పొద్దున్నే లేచి చదవాలి.