కారు హీటరు: విప్పుట, తిరిగి బిగించుట

కారు అనగానే మన మనస్సులో మెదిలేవి ఇంజను, చక్రాలు, బ్రేకులు. డాష్‌బోర్డు వెనుక చీకటిలో దాగి ఉండే హీటరును గురించి గాని, గాలి గొట్టాలను గురించి గాని ఆలోచించేవారు అరుదు. అందులోనూ ఎండలకు పేరుపడిన మన ప్రాంతంలో కారుకు హీటరు ఎందుకని నవ్వేవారే ఎక్కువ. హీటరు కారడం మొదలుపెడితే దానికి పోయే రెండు గొట్టాలనూ ఒకదానితో ఒకటి కలిపివేసి, ఇక దీనితో పని లేదని చేతులు దులుపుకొనే మెకానికులూ ఉన్నారు.

నిరుడు మేమూ ఆ అభిప్రాయంతోనే ఉన్నాము. మా శిక్షణ శాలలోని పాత కారు ఆ అభిప్రాయాన్ని మార్చివేసింది. దాని హీటరును విప్పడానికి మాకు ఒక మధ్యాహ్నం సరిపోయింది. సరిగా తిరిగి బిగించడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులలో మేము నేర్చుకొన్నదానిని, చేసిన పొరపాట్లతో సహా, విద్యార్థి మిత్రుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

హీటరు అవసరమేమి?

హీటరు కేవలం చలి కాచుకొనే సాధనం కాదు. అది డ్రైవరు చూపును కాపాడే సాధనం. వానాకాలంలో నలుగురు మనుషులు కారులో కూర్చొని అద్దాలు మూసుకొంటే, వారి ఊపిరిలోని తేమ చల్లని ముందు అద్దానికి తగిలి మంచు పొరలా పట్టుకొంటుంది. గుడ్డతో తుడిచినా క్షణంలో మళ్లీ కమ్ముకొంటుంది. వేడిగాలిని అద్దంమీదికి పంపితే అద్దం వెచ్చబడి ఆ పొర కరిగిపోతుంది. ఏసీ కూడ ఉన్న కార్లలో రెండింటినీ కలిపి వాడవచ్చును. ఏసీ గాలిలోని తేమను లాగివేస్తుంది, హీటరు ఆ పొడిగాలిని వెచ్చబరుస్తుంది. శీతకాలపు తెల్లవారుజామున లంబసింగి, అరకు ఘాట్ రోడ్లపై బండి నడిపేవారికి దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు. ఉద్యోగార్థం చలి దేశాలకు వెళ్లే మన మిత్రులకు ఇది నిత్యావసరమే.

తొలినాళ్లలో కొన్ని కార్లు పొగగొట్టం వేడిని వాడుకొని లోపలి గాలిని వెచ్చబరిచేవి. గొట్టానికి చిల్లు పడితే విషవాయువు లోపలికి వచ్చే ప్రమాదం వాటిలో ఉండేది. 1938లో అమెరికాలోని నాష్ కంపెనీ, బయటి గాలిని లోనికి తీసుకొని, ఇంజను వేడినీటితో కాచి, కారులోకి పంపే పద్ధతిని ప్రవేశపెట్టింది. వచ్చిన గాలి బయటికి పోయే దారి కూడ ఉండవలెను గదా! 1964లో ఇంగ్లండులోని ఫోర్డు కోర్టినా కారులో, ముందునుండి వచ్చిన గాలి వెనుక రంధ్రాలగుండా వెళ్లిపోయే ఏర్పాటు చేశారు. నేటి ఇంజను కార్లలో దాదాపు అన్నింటిలోనూ ఉన్నది మూలంలో ఈ రెండు ఆలోచనలే.

పనిచేసే తీరు

ఇంజను చుట్టూ తిరిగే కూలెంటు ద్రవం సుమారు 90 డిగ్రీల వరకు వేడెక్కుతుంది. దానిలో కొంత ఒక రబ్బరు గొట్టంగుండా, ఇంజను గదికీ మనుషులు కూర్చొనే గదికీ మధ్యనున్న రేకు గోడను దాటి, డాష్‌బోర్డు కింది చిన్న రేడియేటరులోకి వస్తుంది. దీనినే హీటరు కోరు అంటారు. అక్కడ వేడిని గాలికి ఇచ్చి, రెండవ గొట్టంగుండా నీటి పంపుకు తిరిగిపోతుంది. అనగా హీటరు వేరొక యంత్రం కాదు, ఇంజనును చల్లబరిచే వ్యవస్థలోనే ఒక శాఖ. ఈ ఒక్క సంగతి మరచినందుకే మేము తరువాత చిక్కులలో పడ్డాము.

ముందు అద్దం కింద ఉన్న జాలీలోనుండి బయటి గాలి లోనికి వస్తుంది. కారు పోతున్నపుడు అక్కడ గాలి ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది కనుకనే జాలీని ఆ చోట అమర్చారు. 12 వోల్టుల చిన్న మోటారు ఒక ఫ్యాను చక్రాన్ని తిప్పి ఆ గాలిని తోస్తుంది. పాత పద్ధతి కార్లలో మోటారు వేగాన్ని తగ్గించేది ఒక రెసిస్టరు. అది వేడెక్కుతుంది కనుక దానిని గాలి దారిలోనే అమర్చుతారు. తక్కువ వేగాలు పనిచేయక, అన్నిటికంటె ఎక్కువ వేగం మాత్రమే పనిచేస్తూ ఉంటే, మోటారును నిందించక ముందు ఈ రెసిస్టరును అనుమానించవలెను. తరువాత గాలిని ముఖానికో, పాదాలకో, అద్దానికో పంపే రేకు తలుపులు ఉంటాయి. డాష్‌బోర్డుమీది మీటలకూ ఈ తలుపులకూ మధ్య సన్నని కేబులు తీగలు ఉంటాయి.

విప్పుటకు ముందు

కారులో కాళ్ల కింద తడి కనబడగానే హీటరు కోరు పగిలిందని తీర్మానించరాదు. ఆ తడి జిగటగా, రంగుతో, తియ్యని వాసనతో ఉంటే అది కూలెంటు. స్వచ్ఛమైన నీరైతే, జాలీ కింది నీటి రంధ్రం ఎండుటాకులతో పూడుకొనిపోయి వాన నీరు లోనికి వచ్చి ఉండవచ్చును. ఏసీ కారులో ఏసీ నీరు పోయే గొట్టం మూసుకొనిపోయినా ఇదే జరుగుతుంది. అప్పుడు ఒక తీగముక్కతో తీరే పనికి డాష్‌బోర్డు అంతా విప్పినవారమవుతాము. మా కారులో మాత్రం అది కూలెంటే.

ఇంజను పూర్తిగా చల్లారనిదే రేడియేటరు మూత తీయరాదు. ఆ మూత లోపలి ద్రవాన్ని ఒత్తిడిలో ఉంచుతుంది; అందువలననే అది 100 డిగ్రీలు దాటినా మరగదు. మూత తీసిన క్షణంలో ఒత్తిడి పోయి, ద్రవం మరిగి ముఖంమీదికి చిమ్ముతుంది. తరువాత బ్యాటరీ నెగెటివ్ తీగను విప్పవలెను. ఎయిర్‌బ్యాగు ఉన్న కారులో, తీగ విప్పిన తరువాత ఎంతసేపు ఆగవలెనో ఆ కారు పుస్తకంలో చూచి, అంతసేపు ఆగి, ఆ తరువాతనే డాష్‌బోర్డును ముట్టుకోవలెను.

ఏసీ ఉన్న కారులో, హీటరు పెట్టెను తీయడానికి ఏసీ గొట్టాలను విప్పవలసి వస్తే అది మనబోటి విద్యార్థుల పని కాదు. అందులోని వాయువును యంత్రంతో వెనుకకు తీసుకోగల నిపుణునికే అప్పగించవలెను. చర్మానికి తగిలితే ఆ ద్రవం మాంసాన్ని గడ్డకట్టించగలదు. పూర్వం వాడిన ఆర్-12 ఓజోను పొరకు హాని చేస్తుందని తెలిసి, 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం తరువాత దానిని మానివేశారు. దాని బదులుగా వచ్చిన ఆర్-134ఎ ఓజోనుకు హాని చేయకపోయినా, భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువుకంటె వేయి రెట్లకు పైగా బలమైనది.

విప్పే క్రమం

శిక్షణ శాలలోని పెద్ద మెకానికును మేమందరం ఉస్తాద్ గారు అని పిలుస్తాము. పానా పట్టుకోబోయిన మమ్మల్ని ఆపి, ఆయన మా చేతికి ఒక పెన్సిలు, కొన్ని కాగితపు ముక్కలు ఇచ్చారు. "బేటా, విప్పేది చేయి, బిగించేది బుర్ర. ముందు రాసుకోండి" అన్నారు. ఏ కేబులు ఏ మీటది, ఏ ప్లగ్గు ఎక్కడిది, ఏ స్క్రూ ఎంత పొడవు అన్నది రాసి, చీటీ కట్టి, ఏ భాగం స్క్రూలను ఆ భాగం పేరుగల డబ్బాలోనే వేయవలెనని ఆయన ఆజ్ఞ. నేడు అందరి చేతిలోనూ ఫోను ఉన్నది కనుక ప్రతి మెట్టులోను ఒక ఛాయాచిత్రం తీసుకోవడం మరింత సులభం.

ముందుగా కూలెంటును శుభ్రమైన పాత్రలోకి దించవలెను. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ విషపదార్థం. రుచికి తియ్యగా ఉంటుంది కనుక పిల్లలు, కుక్కలు, పిల్లులు దానిని తాగే ప్రమాదం ఉన్నది. కాలువలో పారబోయడం, మూత లేకుండా వదలివేయడం నేరమనియే మేము భావిస్తాము.

తరువాత ఇంజను గదిలో హీటరు గొట్టాల క్లిప్పులు వదులు చేయవలెను. ఏండ్ల తరబడి వేడికి అతుక్కొనిపోయిన రబ్బరు గొట్టాన్ని బలవంతంగా లాగితే లోపలి కోరు గొట్టం వంగిపోతుంది, లేదా ఊడివస్తుంది. గొట్టాన్ని కత్తితో పొడవునా చీల్చి తీయడమే మేలు. కొత్త రబ్బరు గొట్టం వెల తక్కువ, కోరు వెల ఎక్కువ.

పిదప కారు లోపల తివాచీమీద ప్లాస్టిక్ గుడ్డ పరచి, మీటల కేబుళ్లను, మోటారు ప్లగ్గును విప్పి, పెట్టెను పట్టి ఉంచే బోల్టులను తీయవలెను. కోరును బయటికి తీసేటప్పుడు దాని గొట్టాల మూతులు పైకి ఉండేటట్లు పట్టుకోవలెను. లేనిచో మిగిలిన కూలెంటు తివాచీపాలవుతుంది. ఏ భాగమైనా రాకపోతే బలం వాడరాదు. రాకపోవడానికి ఒకే కారణం: కనబడని స్క్రూ ఒకటి ఇంకా మిగిలి ఉన్నది.

బయటికి వచ్చిన కోరు రెండు మూతులలో ఒకదానిని మూసి, రెండవదానిలోకి కొద్దిపాటి ఒత్తిడితో గాలి ఎక్కించి నీటి తొట్టిలో ముంచితే, చిల్లు ఉన్నచోట బుడగలు వస్తాయి. మా కోరులో మూడు చోట్ల వచ్చాయి. అతుకు వేయడంకంటె కొత్తది వేయడమే మంచిదని నిర్ణయించాము. ఫ్యాను చక్రంలో ఇరుక్కొన్న ఆకులను తీసివేసి, రేకు తలుపుల అంచులకు అంటించిన ఫోము పట్టీలు చూచాము. అవి ముట్టుకొంటేనే పొడి అయ్యాయి. ఈ పట్టీలు లేకపోతే తలుపు మూసినా గాలి సందులోనుండి పోతూనే ఉంటుంది. అద్దానికి చేరవలసిన వేడిగాలి పాదాలకు పోతుంది. వాటినీ కొత్తవి వేశాము.

తిరిగి బిగించుటలో మా పొరపాటు

విప్పిన క్రమానికి తలక్రిందులుగా బిగించవలెనని పుస్తకాలన్నీ ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకొంటాయి. ఆ ఒక్క వాక్యంలోనే కష్టమంతా ఉన్నది. కేబులును బిగించేటప్పుడు మీటను చివరివరకు జరిపి, ఆ వైపు రేకు తలుపును పూర్తిగా మూసి పట్టుకొని, అప్పుడు తీగ క్లిప్పు వేయవలెను. డాష్‌బోర్డు మూయక ముందే ప్రతి మీటనూ ఈ చివరనుండి ఆ చివరవరకు జరిపి చూడవలెను.

ఇదంతా మేము శ్రద్ధగానే చేశాము. ఐదవ రోజు సాయంకాలానికి కారు సిద్ధమయింది. డబ్బాలో ఒక రబ్బరు వలయం మాత్రం మిగిలింది. చిన్నదే గదా అనుకొన్నాము. తొందరలో, హీటరు మీట చల్లని వైపు ఉండగానే కూలెంటు పోసి, నలుగురం ఎక్కి బయలుదేరాము. నాలుగు కిలోమీటర్లు పోయేసరికి ఉష్ణోగ్రత చూపే ముల్లు ఎర్రగీతను తాకింది. హీటరు పెట్టి చూస్తే చల్లని గాలి వచ్చింది! వెనుక కూర్చొన్న మిత్రుడు పొగ వాసన వస్తున్నదని, తల దిమ్ముగా ఉన్నదని అన్నాడు.

బండి ఆపి ఉస్తాద్ గారికి ఫోను చేశాము. "తలుపులన్నీ తెరిచి దూరంగా నిలబడండి. మూతమీద చేయి వేయకండి" అన్నారు. గంట తరువాత ఆయన వచ్చి చూచి, రెండు తప్పులను చూపారు.

మొదటిది: మా కారులో హీటరు గొట్టంమీద ఒక చిన్న కవాటం ఉన్నది. మీట చల్లని వైపు ఉంటే అది మూసుకొంటుంది. అందువలన కొత్త కోరులోకి ద్రవం పోలేదు, గాలి నిలిచిపోయింది. దారిలో మేము మీటను తిప్పగానే ఆ గాలి కదలి ఇంజను దారులలోకి చేరింది. అప్పటికే ద్రవం చాలినంత లేదు. ఇంజను మండుతూ ఉండగా హీటరు చల్లగాలి ఇస్తే దానికి సాధారణంగా అర్థం అదే: ద్రవం తగ్గినది, లేదా గాలి చిక్కుకొన్నది.

రెండవది: మిగిలిపోయిన ఆ వలయం, హీటరు గొట్టాలు రేకు గోడను దాటేచోట రంధ్రాన్ని మూసే గ్రామెట్టు. అది లేనందున ఇంజను గదిలోని గాలి సూటిగా మనుషుల గదిలోకి వచ్చింది. మా పాత కారు పొగగొట్టం అతుకు వద్ద కొద్దిగా కారుతున్నది కూడ. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. మిత్రుని తల దిమ్ముకు అదే కారణమని మేము నిర్ధారించి చెప్పలేము; కాని వాసన వచ్చినది మా అదృష్టమని, వాసన లేనిదే అసలు శత్రువని ఉస్తాద్ గారు చెప్పినపుడు మాలో ఎవరికీ నోట మాట రాలేదు.

మరునాడు మళ్లీ మొదలుపెట్టాము. గ్రామెట్టు వేశాము. పొగగొట్టం అతుకు సరిచేశాము. మీటను పూర్తిగా వేడి వైపు ఉంచి, కూలెంటును, శుద్ధజలాన్ని సమపాళ్లలో కలిపి, మెల్లమెల్లగా పోశాము. ఇంజనును నిదానంగా నడిపి, బుడగలు వెళ్లిపోనిచ్చి, హీటరు గొట్టాలు రెండూ సమంగా వేడెక్కేవరకు వేచి ఉన్నాము. ఒకటి వేడిగా, రెండవది చల్లగా ఉంటే ద్రవం తిరగడం లేదన్నమాట. పూర్తిగా చల్లారిన తరువాత మూత తీసి, తగ్గినంత మళ్లీ నింపాము. తొమ్మిదవ రోజున వాన పడుతూ ఉండగా అదే దారిలో మళ్లీ వెళ్లాము. ముల్లు కదలలేదు. కమ్ముకొన్న అద్దం కొద్ది నిమిషాలలో తేటపడింది.

ముగింపు

విప్పడం చూచినవారు మెచ్చుకొంటారు. బిగించినదాని మంచిచెడ్డలు మాత్రం దారిలో, ఇతరుల ప్రాణాలు మన చేతిలో ఉన్నపుడు తేలుతాయి. డబ్బాలో మిగిలిన చిన్న వలయాన్ని చూచి, ఇది ఎక్కడిదని ఒక్కమారు అడిగి ఉంటే మాకు నాలుగు రోజులు, ఒక భయంకరమైన సాయంకాలం తప్పి ఉండేవి. పని ముగిసిన తరువాత ఏ వస్తువైనా మిగిలితే పని ముగియలేదని గ్రహించవలెను.

కళాశాల కమిటీ పెద్దలకు మాదొక చిన్న మనవి. శిక్షణ శాలకు కూలెంటు ఒత్తిడిని పరీక్షించే చేతిపంపు ఒకటి, వాడిన కూలెంటును దాచడానికి తాళం వేయగల పీపా ఒకటి ఇప్పించగలరు. వీటి ఖర్చు స్వల్పం. మా తరువాత వచ్చే విద్యార్థులు మా పొరపాట్లను దారిమీద గాక, శిక్షణ శాలలోనే తెలుసుకొనగలుగుతారు.