డబ్బాలో పట్టిన ఉరుము

ఒడిశాలోని జయపురం ఆకాశవాణి కేంద్రం 1964లో మొదలైంది. 50 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్‌తో, 5040 కిలోహెర్ట్జ్ షార్ట్‌వేవ్ మీద ఏళ్ల తరబడి కోరాపుట్ కొండలు దాటి వినిపించింది. ఏప్రిల్, మే నెలల్లో సాయంకాలం దేవమాలి కొండ వైపు మబ్బు కమ్మిందంటే ట్రాన్సిస్టర్‌లో పాట కన్నా ముందు చిటపటలు మొదలయ్యేవి. 5040 అనే అంకె వెనక కూడా ఆ చిటపటల కథే ఉంది. ఉష్ణమండలంలో పిడుగుల రొద మీడియం వేవ్‌ను ముంచేస్తుంది. అందుకే ఈ ప్రాంతపు దేశాల ప్రసారాల కోసం అరవై మీటర్ల పట్టీని విడిగా కేటాయించారు. ఉరుముకు దారి వదిలి పక్కకు జరిగిన స్టేషన్ల వరసలో జయపురం కూడా ఒకటి.

ఆ రొదను కొలవడానికి ప్రపంచమంతటా పదహారు కేంద్రాలు పనిచేశాయి, వాటిలో న్యూఢిల్లీ ఒకటి. ఆ కొలతలతో ఏ ప్రాంతంలో, ఏ రుతువులో, ఏ పూట ఆకాశం ఎంత గోల చేస్తుందో చూపే పటాలను 1960లలో అచ్చువేశారు.

పిడుగు లేని రోజున కూడా రేడియోకు నిశ్శబ్దం దొరకదు. సన్నగా, ఎడతెగకుండా ‘సుయ్’మంటూనే ఉంటుంది. అందులో కొంత రిసీవర్ లోపలిదే. వేడి వల్ల రెసిస్టర్‌లో ఎలక్ట్రాన్లు కుదురుగా ఉండవు, వాటి కదలికే ఆ శబ్దం. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో జాన్ జాన్సన్ దాన్ని కొలిచాడు, ఏటీ అండ్ టీకి చెందిన హ్యారీ నైక్విస్ట్ లెక్కకట్టాడు. ఇద్దరి పత్రాలూ 1928లో వెలువడ్డాయి.

గరగరల మధ్య నుంచి కూడా మనిషి చెవి మాటను ఏరుకుంటుంది. డిజిటల్ రిసీవర్ మాత్రం ప్రతి బిట్ దగ్గరా ఒకటా, సున్నానా అని తేల్చి చెప్పాలి. ఎంత రొదలో ఎన్ని బిట్లు తారుమారవుతాయో పరికరాన్ని టవర్ ఎక్కించకముందే తెలియాలి. నిన్న సాయంత్రం కురిసిన గాలివానను మళ్లీ అలాగే రమ్మని పిలవలేం కదా! అందుకని ఇంజినీర్లు రొదను గదిలోనే పుట్టించడం నేర్చారు.

మొదటి తరం యంత్రాల్లో పేరున్నది జనరల్ రేడియో కంపెనీవారి 1390 నాయిస్ జనరేటర్. దాని గుండెకాయ వాయువు నింపిన ఒక చిన్న థైరాట్రాన్ గొట్టం. దాని పక్కన అయస్కాంతం పెడితే గొట్టంలోని కరెంటు చిత్తం వచ్చినట్టు ఎగిరెగిరి పడుతుంది. ఆ ఎగుడుదిగుళ్లనే పెద్దవి చేసి బయటికి ఇస్తారు. తర్వాత గొట్టాల స్థానంలోకి జీనర్ డయోడ్లు వచ్చాయి. రేడియోలో పనికిరానిదని తిట్టుకున్న గోలను నాబ్ తిప్పి కొలత ప్రకారం వడ్డించే యంత్రం రావడం ఇంజినీరింగ్ చరిత్రలో నిజంగా పెద్ద మలుపు.

తప్పులు లెక్కపెట్టడానికి ఇంకో ఉపాయం కావాలి. ఏం పంపారో తెలియకపోతే ఏది తప్పో చెప్పలేం. పదిహేను మెట్ల షిఫ్ట్ రిజిస్టర్ 32,767 బిట్ల వరస తయారుచేస్తుంది. చూడటానికి అడ్డదిడ్డంగా ఉన్నా అదంతా సూత్రం ప్రకారమే నడుస్తుంది. అవతల రిసీవర్లోనూ అలాంటి రిజిస్టరే ఉంటుంది. వరుసగా పదిహేను బిట్లు తప్పు లేకుండా అందితే చాలు, వాటితో తన రిజిస్టర్ నింపుకుని, రాబోయే బిట్ ఏదో తనే చెప్పగలదు. వచ్చినది దానితో కలవకపోతే మీటర్ మీద ఒక తప్పు పెరుగుతుంది.

ఇప్పుడు ఈసీఈ విద్యార్థి ఆ డబ్బా మొత్తాన్నీ ల్యాప్‌టాప్‌లోనే కట్టేస్తాడు. ఒకటికి +1, సున్నాకు −1 పంపుతాడు. దానికి గంట ఆకారపు పంపిణీలోంచి తీసిన యాదృచ్ఛిక సంఖ్యను కలుపుతాడు. మామూలు యాదృచ్ఛిక సంఖ్యల నుంచి అలాంటివి తీసే సులువు సూత్రాన్ని 1958లో జార్జ్ బాక్స్, మెర్విన్ ముల్లర్ ఇచ్చారు. +1కు −0.3 కలిస్తే 0.7, ఇంకా ఒకటే. −1.4 కలిస్తే −0.4, బిట్ తిరగబడింది. పని అంతే, కానీ కోట్లసార్లు చెయ్యాలి. బిట్ శక్తికీ రొదకూ నిష్పత్తి 0 డెసిబెల్స్ ఉంటే వెయ్యి బిట్లలో 79 తప్పుతాయి. 4 దగ్గర వెయ్యికి 12. 9.6కు చేరితే లక్షలో ఒకటే. పది లక్షల్లో ఒక తప్పు వస్తుందని నమ్మకంగా చెప్పాలంటే వంద తప్పులైనా పోగవ్వాలి, అంటే 10 కోట్ల బిట్లు నడిపించాలి.

అయితే పిడుగు ఇలా ఒక్కొక్క బిట్టునే ముట్టుకోదు. ఒక్క దెబ్బకు వరసగా వందల బిట్లను తుడిచిపెట్టి పోతుంది. బెల్ ల్యాబ్స్‌లోనే ఎడ్గార్ గిల్బర్ట్ 1960లో ఇలా గుంపుగా వచ్చే తప్పులకు చక్కని నమూనా రాశాడు: సంకేతం నడిచే దారికి మంచి స్థితి, చెడ్డ స్థితి అని రెండు, ఒకదాన్నుంచి ఇంకోదానిలోకి జారే అవకాశానికి ఒక లెక్క. షార్ట్‌వేవ్‌కు ఇంకో చిక్కు, ఆ తరంగాలను పైనుంచి కిందికి వంచే అయనోస్ఫియర్. ఒకే సంకేతం రెండు దారుల్లో వచ్చి తనతో తనే కొట్లాడుకుంటుంది. 1970లో వాటర్సన్ బృందం దీనికి నమూనా కట్టి, నిజమైన ప్రసారంతో సరిపోల్చి చూపింది. డిజిటల్ రేడియో ప్రమాణమైన డీఆర్ఎమ్‌ను పరీక్షించే ‘పూర్’ ఛానెల్‌లో ఆ రెండు దారుల మధ్య తేడా 2 మిల్లీసెకన్లు, అంటే 600 కిలోమీటర్ల దూరం.

ఈ లెక్కల్లో తెలుగువాళ్ల పాత్ర చెప్పాలంటే మళ్లీ జయపురానికే రావాలి. 1936 దాకా జయపురం సంస్థానం మద్రాసు ప్రెసిడెన్సీలోనిది. మహారాజు విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఏటా లక్ష రూపాయల విరాళం ఏర్పాటు చేశారు. వాల్తేరులోని సైన్సు కళాశాల జయపురం విక్రమదేవ కళాశాల అయింది అందుకే. ఆ విశ్వవిద్యాలయంలోనే భావరాజు రామచంద్రరావు అయనోస్ఫియర్ పరిశోధనను పెంచారు. అక్కడే 1940లో గణితంలో ఎంఏ చేసిన కల్యంపూడి రాధాకృష్ణారావు తర్వాత కలకత్తా గణాంక సంస్థలో చేరారు, 1947లో ఆర్థోగనల్ ఎర్రేలనే పట్టికలకు ఒక హద్దు కనిపెట్టారు. పంటల ప్రయోగాల వంటి పనుల కోసం పుట్టిన ఆ గణితం, మూడేళ్ల తర్వాత రిచర్డ్ హామింగ్ రాసిన తప్పులు దిద్దే కోడ్ల గణితానికి అద్దంలో ప్రతిబింబమని తరువాత తేలింది. అదే కలకత్తా సంస్థలో రావుతో పనిచేసిన ఆర్.సి. బోస్ 1960లో డి.కె. రాయ్‌చౌధురితో కలిసి ఇచ్చిన కోడ్లకు ‘బీసీహెచ్’ అనే పేరు వచ్చింది, అందులో మొదటి అక్షరం బోస్‌దే.

ఆ కోడ్ ఇప్పుడు కోరాపుట్ పొరుగున ఉన్న రాయగడ మేడల మీదికీ వచ్చింది. డీటీహెచ్ హెచ్‌డీ ప్రసారాలు వాడే డీవీబీ-ఎస్2 ప్రమాణంలో బీసీహెచ్ ఒక పొర. నాగావళి మీదుగా వాన కమ్ముకొచ్చే వేళ రిమోట్ మెనూలో సిగ్నల్ క్వాలిటీ పట్టీ తెరిచి చూస్తే, అది మెల్లగా దిగుతూ ఉంటుంది. బొమ్మ మాత్రం చెక్కుచెదరదు, తప్పులన్నీ పెట్టెలోనే దిద్దుకుపోతున్నాయి. ఇంకొక్క డెసిబెల్ తగ్గగానే బొమ్మ గళ్లు గళ్లుగా చెదిరి నిలిచిపోతుంది. ఎంత దిగేదాకా నిలబడాలో, ఎక్కడ కూలుతుందో ఆ వాన పడకముందే ఎవరో గదిలో కూర్చుని, రొద కలిపి, బిట్లు లెక్కపెట్టి గీత గీసి ఉంచారు.